అనిత పది లెక్కబెట్టిన రోజు

మాటలు తొందరగా రావాలని జెమీమా పుట్టినప్పుడు నాలుక మీద వస అరగదీసి పెట్టింది అవ్వ విక్టోరియమ్మ. ఆ వస పిల్లకు దక్కలేదు, పిల్ల తల్లి అనితకు దక్కినట్టుంది. రెండున్నరేళ్లు వచ్చినా జెమీమా ‘ఊ’ దాటలేదు.

“పాలు కావాల్నా బంగారూ? కావాల్లే. చక్కెర ఎయ్యాల్నా? ఎయ్యాల్లే!” అడిగేదీ అనితే, చెప్పేదీ అనితే.

“నీకు శానా వచ్చులేమ్మా మాటలు! శానా!” అని చెయ్యి ఊపుతూ దెప్పేది అత్త విక్టోరియమ్మ. అనిత నవ్వేసేది. కానీ పక్కింటి పిల్లలు గలగలా మాట్లాడుతుంటే గుండె గుబేలుమనేది. నా బిడ్డకు మాటలే రావేమో దేవుడా!

చివరికి పుంగనూరు నుంచి మదనపల్లెకు, పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

“నీ పేరేందమ్మా?” అని పాపను అడిగాడాయన.

“జెమీమా సార్!” అంది అనిత.

ఆయన బంతి చూపించాడు. “ఇదేంది?”

“బంతి సార్!”

డాక్టర్ పాపను పరీక్ష చేసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నీకు మాటలు బాగానే వచ్చినాయమ్మా. పాప చెవులు బాగుండాయి, బుద్ధి బాగుంది. నువ్వు సందిస్తే కదా అది మాట్లాడేది! అడిగినాక మనసులో పది లెక్కబెట్టు. ‘ఊ’ అన్నా సరే, అదీ మాటే అనుకొని బదులియ్యి.”

పదా! అనితకు రెండు లెక్కబెట్టడమే గగనం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన టమోటా లారీ కనబడింది. “అదేంది బంగారూ?” అని అడిగి, పెదాలు బిగబట్టి, పాప మొహమే చూస్తూ లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నోట్లో మాటలు కుతకుతలాడుతున్నాయి. నాలుగు దగ్గర కండక్టర్ వచ్చాడు.

“యాడికమ్మా?”

ఐదు.

“నిన్నేమ్మా, యాడికి?”

ఆరు. ఏడు.

“పుంగూరు,” అంది జెమీమా.

అనిత పాపను గుండెకు హత్తుకుంది. కళ్లు నిండిపోయాయి. కండక్టర్ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చింపి, జాలిగా పాప వైపు వంగాడు. “పాపం, మీ అమ్మకు మాటలు రావా పాపా?”

ఇంత మాట పడి ఊరుకునే మనిషా అనిత! నోరు తెరిచింది. అడిగింది పాపను కదా అని గుర్తొచ్చి గబుక్కున మూసేసింది. ఒకటి, రెండు, మూడు...

జెమీమా తల్లి మొహాన్ని తేరిపార చూసింది. తర్వాత అచ్చం అవ్వలాగే చెయ్యి ఊపింది.

“శానా!”