నూనె గోలీలు

ఇటుకల గమేలాలు నెత్తికెత్తీ ఎత్తీ మల్లవ్వ భుజంలో నరం తెగింది. ఆపరేషన్ చేసి కుట్లు విప్పాక డాక్టరు తేనెరంగు గోలీలు ఇచ్చాడు. విటమిన్లట, లోపలి గాయం త్వరగా మానడానికట. వెలుతురుకు పట్టి చూస్తే గోలీలో నూనె మెరిసింది. నూనె అన్నాక ఒంటికి రాసుకునేదే కదా అనుకుంది మల్లవ్వ.

రోజూ పొద్దుగూకే వేళ, కామాటిపురలో వాళ్లు అద్దెకున్న చాల్ మేడమీది వరండాలో, ఆమె మొగుడు బాలప్ప గోలీని పిన్నీసుతో పొడిచి ఆ నూనెచుక్కతో భుజం నిమిరేవాడు. తాపీ పట్టి కాయలు కాసిన ఆ చెయ్యి ఇంత మెత్తగా ఉంటుందని ఆమె ఎన్నడూ ఎరగదు. కళ్లు మూతలు పడేవి. కింద టాక్సీల మోత ఎక్కడికో దూరమైపోయి, భుజం దూదిపింజలా గాలిలో తేలేది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లి, నూనె రోజూ రాస్తున్నామని చెబితే డాక్టరు పకపకా నవ్వాడు. అది రాసుకునేది కాదు, మింగేదన్నాడు.

ఆ సాయంత్రం మల్లవ్వ గోలీ మింగి నీళ్లు తాగింది.

"అచ్ఛా, ఇగ నా పని ఖతం" అంటూ బాలప్ప బీడీ ముట్టించాడు.

మల్లవ్వకు ఒళ్లు మండింది. భుజం అతని వైపు తిప్పి కూర్చుంది.

"గోలి కడుపులకు పాయె. మరి నీ చెయ్యి ఏడికి పాయె?"