వెనకవైపు కెమెరా

కెమెరాకి కనబడని వైపు మేం కట్టం. మా త్రీడీ పనిలో మొదటిరోజే ఒంటబట్టే పాఠం ఇది. గోడకి మొహం ఉంటే చాలు, వీపు ఎవడిక్కావాలి? కంప్యూటర్ మీద బరువు తగ్గుతుంది, పని తొందరగా తెములుతుంది. పన్నెండేళ్లుగా నేనూ ఇలాగే నెట్టుకొస్తున్నాను.

రేకులు వంచే ఫ్యాక్టరీలో ఒకతని కుడిచెయ్యి ప్రెస్సు మిషన్లో నలిగిపోయింది. తప్పు అతనిదే అని తేలితే ఉద్యోగం ఊడుతుంది. విచారణలో చూపించడానికి ఆ ప్రమాదాన్ని యానిమేషన్ చెయ్యమంటూ మేనేజరు ఫోటోలు పట్టుకొచ్చాడు. మిషన్‌కి ముందువైపు, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే కొత్త ఇనపజాలీ తళతళలాడుతోంది. వెనకవైపు జాలీయే లేదు. దాన్ని బిగించాల్సిన కన్నాలకి తుప్పు కూడా పట్టేసింది. అతను నిలబడి పనిచేసేది ఆ వెనకవైపే.

"ముందునుంచి ఒక్క కెమెరా చాలు గురూ," అన్నాడు మేనేజరు, వెనకవైపు ఫోటో తిరిగి జేబులో పెట్టుకుంటూ. నేను బుద్ధిగా తలూపాను. సిగ్గులేని తల.

విచారణ గదిలో గోడమీద నా పనితనం ఆడింది. ముందునుంచి చూస్తే, మనిషి తనంతట తనే వెళ్లి చెయ్యి పెట్టినట్టుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అతను గోడవైపే చూశాడు. అతని భార్య లేచింది.

"అన్నా, అదే బొమ్మ అటుపక్కనుంచి చూపిస్తారా? ఈయన నించునేది అటేగా."

విచారణాధికారి నావైపు తిరిగాడు. "తిప్పగలరా?"

"తిప్పచ్చండీ." మౌస్ మీద చెయ్యి వేశాను. నాకు రెండు చేతులూ ఉన్నాయి మరి. కెమెరాని చుట్టూ తిప్పాను. వెనక మిషనే లేదు. కాళ్లకింద నేలైనా లేకుండా, బూడిదరంగు ఖాళీలో మనిషొక్కడే చెయ్యి చాచి నిలబడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

అటువైపు నేను కట్టలేదండీ, అక్కడ జాలీ లేదండీ, ఆ ఫోటో ఈయన జేబులో ఉందండీ. మాటలు గొంతుదాకా వచ్చాయి. మేనేజరు నన్నే చూస్తున్నాడు. మింగేశాను.

"ఇటు చూడ్డానికేం లేదే," అని అధికారి రాసుకునే అమ్మాయికి చెప్పాడు. "వెనకవైపునుంచి కూడా పరిశీలించాం, మిషన్లో లోపమేమీ కనబడలేదు. అలా రాయమ్మా."

అందరూ లేచారు. బయటికి వెళ్తూ ఆవిడ నా దగ్గర ఆగింది.

"మీరైనా అడగ్గానే తిప్పారన్నా," అంది.