వీరవేణి గారి చేతి వంట

ఆదివారం ఉదయం భీమవరంలో జరిగిన రొయ్య రైతుల సభలో చంద్రరావు చాలాసేపు మాట్లాడాడు. నీలి విప్లవం వరిచేలను చెరువులుగా మార్చిందనీ, వంటింటి ఆడవాళ్ళను ఫ్యాక్టరీ ఉద్యోగులుగా మార్చిందనీ, అటువంటి ఉద్యోగి ఒకరు తన ఇంటి కోడలే అయినందుకు గర్విస్తున్నాననీ చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. ఆ వీడియోను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, వదినగారు వీరవేణికి విడిగా ఒక సందేశం పంపాడు: మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాం, కోడలు సుప్రియ చేత ఉద్యోగం మాన్పించే సంగతి మాట్లాడాలి.

వీరవేణి రెండూ వరసగా చూసి ఫోను బల్ల మీద పెట్టింది. ఆమె ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పిన మనిషి. ఫ్రాన్సులో రాజు తల ఎలా తెగిందో, రష్యాలో సింహాసనం ఎలా కూలిందో వేలమంది పిల్లల చేత వల్లె వేయించింది. సింహాసనాన్ని కూల్చి ఆ సాయంత్రం ఇంటికి వచ్చినవాడికి అన్నం ఎవరు వడ్డించారో ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు, ఆమె కూడా పరీక్షలో ఎన్నడూ అడగలేదు. అడిగితే జవాబు దిద్దడానికి ఆమె దగ్గరా ఆధారం లేదు.

ఆ ఇంట్లో జరిగిన విప్లవం చిన్నది. ఆమె ఒక్కగానొక్క కొడుకు శివరామకృష్ణ అందరినీ చూసి వరిచేను తవ్వించి రొయ్యలు వేశాడు. రెండుసార్లు వైరస్ వచ్చి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఇప్పుడు ఆ చెరువులు కౌలుకు ఇచ్చేసి ఇంట్లో ఉంటున్నాడు. బీఎస్సీ చదివి ఖాళీగా కూర్చున్న కోడలు సుప్రియ, దగ్గర్లోని రొయ్యల ఫ్యాక్టరీలో చేరి క్వాలిటీ విభాగంలో పైకొచ్చింది. కాకినాడలో కొత్తగా పెట్టిన యూనిట్‌లో మూడు నెలలు శిక్షణకు వెళితే ఆ విభాగానికి ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు. సోమవారం ఉదయం కంపెనీ బస్సు ఎక్కాలి, లేదా రానని చెప్పాలి.

కోడలు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వంట శివరామకృష్ణ చేస్తున్నాడు. బాగా చేస్తాడు. అయితే ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. అందుకని వీధివైపు కిటికీ మూసేసి, ఆ ఉక్కలోనే తాలింపులు వేస్తాడు. గోంగూర కొన్నా, కరివేపాకు కొన్నా, "అమ్మ తెమ్మంది" అంటాడు. డెబ్భై దాటిన వీరవేణి ఇంటిల్లిపాదికీ వండి పెడుతోందని వీధి వీధంతా నమ్మింది. తనను ఎవరూ నేరుగా అడగలేదు కనుక ఆమె కాదనలేదు. కొడుకు వండుతున్నాడని ఆమెకు చిన్నతనం లేదు. చేసిన మంచి పనిని దొంగసొత్తులా దాచుకునే మనిషిని కన్నానన్నదే ఆమె బాధ.

గేటు ముందు కారు ఆగింది. శివరామకృష్ణ వంటింట్లోంచి గబగబా వచ్చాడు.

"అమ్మా, కాస్త లోపల నిలబడవే. బాబాయ్ వచ్చేశాడు."

"నిలబడి ఏం చెయ్యను?"

"ఏం చెయ్యొద్దు. ఈ గరిట పట్టుకో చాలు."

వీరవేణి చదువుతున్న పుస్తకం మూసి గరిట అందుకుంది. సుద్దముక్క పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకుంది. కొడుకు చేతుల పసుపు తుడుచుకుని హాల్లో పేపరు విప్పి కూర్చున్నాడు.

చంద్రరావు, అతని భార్య వీరదుర్గ, వాళ్ళతోపాటు తల్లీకొడుకులూ భోజనానికి కూర్చున్నారు. కొర్రమీను పులుసు, ఆవపెట్టిన పనసపొట్టు కూర. సుప్రియ వడ్డిస్తోంది.

"నలభీమపాకం వదినగారూ," అన్నాడు చంద్రరావు వేళ్ళు నాకుతూ. "ఉద్యోగం చేసే రోజుల్లో మీరు చారు కూడా మాడ్చేసేవారు. రిటైరయ్యాక చెయ్యి తిరిగిందండి."

నలుడూ భీముడూ మగవాళ్ళేనన్న సంగతి మరిదికి తట్టలేదు. ఒక మగవాడు పొయ్యి ముందు నిలబడ్డాడని ఊహించడం కంటే, జన్మంతా చారు మాడ్చిన ఆడది డెబ్భయ్యో యేట పాకశాస్త్రం సాధించిందని నమ్మడమే అతనికి తేలికయింది.

"తిరక్కపోతే ఎలాగండీ, తప్పనప్పుడు," అంది వీరదుర్గ, సుప్రియ వంక చూడకుండా. "మా రోజుల్లో అత్తగారి చేత మంచినీళ్ళు కూడా ముంచించుకోలేదమ్మా."

"అవునండి చిన్నత్తయ్యగారూ," అంది సుప్రియ.

చంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా సుప్రియా, నేను విప్లవానికి వ్యతిరేకిని కాదు. పొద్దున స్టేజీ మీద నీ గురించే చెప్పాను. కానీ ఈ వయసులో మీ అత్తగారు పొయ్యి దగ్గర ఉడికిపోతుంటే, నువ్వు మూడు నెలలు కాకినాడలో కూర్చుంటానంటే ఊరు నవ్వదూ? రేపు రానని చెప్పెయ్. అసలు మానేసెయ్. ఆవిణ్ణి కాస్త కూర్చోనివ్వు."

సుప్రియ భర్త వైపు చూసింది. అతను ఒక్క వాక్యం అంటే చాలు, ఈ పంచాయితీ అక్కడితో ఆగిపోతుంది. ఆ వాక్యం తాను అంటే అతని పరువు పోతుందని ఆమె ఊరుకుంది. శివరామకృష్ణ చేపముళ్ళు ఏరి విస్తరి అంచున వరసగా పేరుస్తున్నాడు. ఆ వరస పూర్తయ్యాక తల ఎత్తాడు.

"బాబాయ్ చెప్పేది కూడా ఆలోచించాలి సుప్రియా."

వీరవేణి గ్లాసు కింద పెట్టింది.

"చంద్రం, ఈ పులుసు ఎవరు కాచారనుకుంటున్నావు?"

"మీరే కదండీ."

"నేను ఈ ఇంట్లో పొయ్యి వెలిగించి రెండేళ్ళయింది. పులుసు వీడు కాచాడు. పనసపొట్టు వీడు వండాడు. నీ కారు చూసి గరిట నా చేతిలో పెట్టాడు. ఇక్కడ ఉడికిపోతున్న ముసలిది ఎవరూ లేరు. పొద్దుటి నుంచీ నేను కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను."

వీరదుర్గ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. చంద్రరావు నవ్వబోయి, మానేసి, అన్న కొడుకు వైపు తిరిగాడు.

"ఏరా, నిజమేంటి?"

"అప్పుడప్పుడూ... సాయం చేస్తుంటాను బాబాయ్."

వీరవేణి జీవితంలో ఎందరో పిల్లలు తప్పుడు జవాబులు చెప్పారు. అంత నీచమైన జవాబు ఏ వెనక బెంచీవాడూ చెప్పలేదు.

సుప్రియ కూర గిన్నె బల్ల మీద పెట్టింది. గొంతు పెంచకుండానే భర్తతో అంది.

"మీ పేరు చెడకూడదని, బద్ధకస్తురాలినన్న మాట రెండేళ్ళుగా పడుతున్నానండి. ఇవాళ ఉద్యోగం కూడా ఇచ్చెయ్యమంటున్నారు. అది ఇవ్వను." చంద్రరావు వైపు తిరిగింది. "రేపు వెళ్తున్నానండి మావయ్యగారూ."

చంద్రరావు ముద్ద కలుపుతూ ఆలోచనలో పడ్డాడు. అతను ఆలోచిస్తున్నది కాకినాడ గురించి కాదని వీరవేణికి తెలుసు.

"వెళ్తే వెళ్ళమ్మా, చదువుకున్నదానివి," అన్నాడు చివరికి. "కాకపోతే ఈ సంగతి మాత్రం గేటు దాటకూడదు. వచ్చే నెల రొయ్య రైతుల సంఘానికి ఎన్నికలు. ప్రెసిడెంటుగా నిలబడేవాడి అన్న కొడుకు గరిట తిప్పుతున్నాడంటే నేను తలెత్తుకోవద్దూ? వంట వదినగారిదే. అందరం అలాగే అందాం."

"ఇందాక నేను ఉడికిపోతున్నానన్నావు చంద్రం."

"అది వేరే విషయం అండి."

అతని దయ పులుసు చల్లారేలోగా చల్లారింది. ఆ పులుసులోంచి మరో రెండు ముక్కలు వేయించుకుని మరీ తిన్నాడు.

సోమవారం తెల్లవారుతూనే సుప్రియ బస్సెక్కింది. పెట్టె బస్సు దాకా శివరామకృష్ణే మోసుకెళ్ళాడు. వచ్చి వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి పక్కింటి అప్పాయమ్మ గోడ మీదుగా పలకరించింది.

"కోడలు కాకినాడ వెళ్ళిందంట గదండీ టీచరుగారూ. పాపం, ఈ వయసులో పనంతా మీ నెత్తినే పడింది."

లోపల మిక్సీ తిరుగుతోంది. అరవై మంది పిల్లల గోలలో పాఠం చెప్పిన గొంతును వీరవేణి చాలాకాలం తర్వాత బయటికి తీసింది.

"నా నెత్తిన ఏమీ పడలేదండీ. ఈ ఇంట్లో వండేది మా అబ్బాయి. రెండేళ్ళుగా వాడే వండుతున్నాడు."

మిక్సీ ఆగింది.

"మగపిల్లాడాండీ?" అంది అప్పాయమ్మ, మూసిన కిటికీ వైపు చూస్తూ.

"అవునండీ. బాగా వండుతాడు. మీ అబ్బాయిలను కూడా పంపండి, నేర్పుతాడు."

తర్వాత మిక్సీ మళ్ళీ తిరిగింది. దాన్ని ధైర్యమని వీరవేణి అనుకోలేదు. సగం నలిగిన పచ్చడితో ఇడ్లీ ఎవరూ తినరు, అంతే.