ఓ నెగెటివ్

ఫిల్మ్‌నగర్ సమ్మె టెంటులో ఇసకేస్తే రాలనంత జనం. ఫిలోమినా వాళ్లను తోసుకుంటూ వేదిక దాకా వెళ్లి, లైట్‌మెన్ యూనియన్ నాయకుడు వరప్రసాద్ ముందు నిలబడింది.

"అన్నా, మీ తమ్ముడు సుందర్ రాజుకి రక్తం కావాలంట. ఓ నెగెటివ్. ఆస్పత్రిలో లేదన్నారు. ఇంతమందిలో ఒక్కరిది ఉండదా? ఒక్కసారి మైకులో అడుగన్నా."

వరప్రసాద్ పరాయివాడేం కాదు. ప్రతి క్రిస్మస్‌కీ ఆమె చేతి కేకు తిన్నవాడే, ఆమె కూతురు జాయ్స్‌ను ఎత్తుకు తిప్పినవాడే. కానీ ఆమె భర్త సుందర్ రాజు సమ్మె విరిచాడు. ఇంట్లో పొయ్యి వెలగక, జూబ్లీహిల్స్ బంగళాలో దొంగచాటుగా జరుగుతున్న షూటింగ్‌కి వెళ్లాడు. లైటు బిగిస్తూ పరంజా మీంచి పడ్డాడు. నిర్మాత మనుషులు అతన్ని ఆస్పత్రి గుమ్మంలో దింపేసి, అసలు షూటింగే జరగలేదు పొమ్మన్నారు.

"అడుగుతానమ్మా, మీటింగ్ అవ్వనీ," అన్నాడు వరప్రసాద్ ఆమె మొహం చూడకుండా. "ఇప్పుడు వాడి పేరెత్తితే రేపు ఇంకో పదిమంది పనిలోకి పోతారు. సమ్మె విరిగిపోద్ది."

"పేరు చెప్పకన్నా. ఎవరికో అని అడుగు."

పక్కనున్న లక్ష్మయ్య, సుందర్ రాజుతో ఒకే కంచంలో తిన్నవాడు, అటు తిరిగిపోయాడు. "మేమంత పస్తులుంటే గాయన పనికి పోయిండు. ఇప్పుడు యాదికొచ్చినమా?"

మీటింగ్ అయ్యేదాకా ఆగుదామని ఆమె వేదిక పక్కనే నిలబడింది. కార్మికుడి కోసం ఆఖరి రక్తపు బొట్టు దాకా పోరాడతామని వరప్రసాద్ మైకులో గొంతు చించుకున్నాడు. మంచి మాటలే, ఎవరూ కాదనరు. చప్పట్లు ఆగకముందే ఆస్పత్రి నుంచి జాయ్స్ ఫోన్ చేసింది. "ఇంక అక్కర్లేదంటమ్మా," అని మాత్రం అనగలిగింది ఆ పిల్ల.

మర్నాడు షేక్‌పేటలో వాళ్ల సందు నిండా యూనియన్ వాళ్లే. చచ్చిపోయాక సుందర్ రాజు మళ్లీ కార్మికుడయ్యాడు. నిర్మాతల దురాశకు బలైన సోదరుడంటూ గోడకి ఫ్లెక్సీ కట్టారు. వరప్రసాద్ అతని మీద ఎర్రజెండా కప్పి, కళ్లు తుడుచుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కావు, అదే మరీ బాధ.

"నీకేం కావాలన్నా అడుగమ్మా. మేమంతా ఉన్నాం."

ఫిలోమినా జనం వైపు తిరిగింది.

"మీలో ఓ నెగెటివ్ రక్తం ఎవరిది? ఇప్పుడేం వద్దు. ఊరికే, తెలుసుకుందామని."

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ లక్ష్మయ్య చెయ్యెత్తాడు.