చెప్పుకోలేని నీరసం

జైపాల్‌కు కుదురు లేదు. మంచం మీద కూర్చుంటాడు, లేస్తాడు, క్వార్టర్ ముందు అటూ ఇటూ తిరుగుతాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఇంటంత డంపర్ లారీని ఒంటిచేత్తో తిప్పే మనిషి, కట్టుకున్న పెళ్లాంతో ఒక్క మాట చెప్పలేక చెమటలు తుడుచుకుంటున్నాడు.

ఆ మాట చిన్నదేం కాదు లెండి. ఏడాదిగా ఒంట్లో సత్తువ లేదు. డ్యూటీ దిగితే కాళ్లీడ్చుకుంటూ నడవడం, ఉత్త పుణ్యానికి చిరాకు, స్టీరింగ్ ముందే కునుకు. అన్నిటికన్నా పెద్దది, భార్య జమున మీద ధ్యాసే పోయింది. ఆ సంగతి ఆమెకు తెలియకూడదని నైట్ షిఫ్టుల సాకు చెప్పి పక్కను ముందు గదిలోకి మార్చేశాడు. మగాడి రోషం చూడండి, మందు కంటే ముందు దాక్కునే చోటు వెతుక్కుంటుంది!

బజార్లో అమ్మే శక్తి పొడులు పాలల్లో కలిపి తాగాడు. కడుపుబ్బరం తప్ప ఒరిగిందేమీ లేదు. కంపెనీ దవాఖానలో అందరూ తెలిసిన మొహాలే. అందుకని నైట్ షిఫ్టు దిగీ దిగగానే కరీంనగర్ బస్సెక్కి, అమరనాథ్ అనే డాక్టర్ దగ్గరికి దొంగలా వెళ్లాడు.

"కంటి మీద కునుకు లేకుండ వచ్చి రక్తమిస్తే ఎట్ల?" అన్నాడు డాక్టర్. "నీకు చూడాల్సింది టెస్టోస్టిరాన్ అని మగవాళ్లకుండే హార్మోను. పొద్దున ఎక్కువుంటది, నిద్ర చెడితే పడిపోతది. సెలవు పెట్టి కొన్ని రాత్రులు మంచిగ నిద్రపో. పొద్దుగాల పరిగడుపున రా. రెండుసార్లు చూస్తె గాని ఏం చెప్పను."

బయటికి రాగానే పోశం ఎదురుపడ్డాడు. తోటి డంపర్ ఆపరేటర్. తల్లికి కళ్లు చూపించడానికి వచ్చాడట.

"ఏందే జైపాలన్నా, అన్‌ఫిట్‌కు తిరుగుతున్నవా?"

బొగ్గుగని మనిషి చెప్పాపెట్టకుండా ప్రైవేటు దవాఖాన మెట్లెక్కాడంటే అక్కడి జనానికి తోచేది అదొక్కటే. మెడికల్ బోర్డు ముందు అన్‌ఫిట్ అయి, తన ఉద్యోగం కొడుక్కి ఇప్పించుకుంటాడని. జైపాల్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఆఁ, గదే" అనేశాడు.

అనడం ఎంతసేపు! సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకిపోయింది. పక్కింటి సారక్క వచ్చి మిఠాయిలు ఎప్పుడు పెడతావంది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే కొడుకు శివ, తండ్రి చెప్పులు కూడా తనే అందివ్వడం మొదలుపెట్టాడు. జమున మాత్రం అవునా అని అడగలేదు, కాదా అని అడగలేదు.

సెలవు పెట్టి, నిద్రపోయి, రెండుసార్లు రక్తమిచ్చాడు. రెండుసార్లూ ఆ హార్మోను తక్కువే వచ్చింది.

"పరేషాన్ కాకు. నీకు పొట్ట పెరిగింది, షుగర్ అంచు మీదున్నది. నిద్రల గురక పెడ్తవా? మధ్యల ఊపిరి ఆగుతదా?" డాక్టర్ అడిగాడు.

"నిద్రల నాకెట్ల తెలుస్తది సార్?"

"నీ భార్యకు తెలుస్తది, తోల్కరా. బరువు, నిద్ర చక్కబెడితే చాలామందికి కొంత కోలుకుంటది. అప్పటికీ తక్కువుంటే, ఎందుకో చూసి, మందు సంగతి ఆలోచిద్దాం. సొంతంగ ఇంజక్షన్లు మాత్రం చేయించుకోకు."

తోల్కరావాలంటే చెప్పాలి. చెప్పలేకే ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈ తిరుగుడంతా. ఇంతలో శివ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, "బాపూ, రేపటి సంది పనికి పోను. సూపర్‌వైజర్‌కు చెప్పేస్త" అని స్నానానికి వెళ్లాడు. జైపాల్ గుండెల్లో రాయి పడింది. పెరట్లో దండెం మీది బట్టలు తీస్తున్న జమున దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"జమునా, నేను అన్‌ఫిట్‌కు తిరుగుతలేను. అబద్ధం చెప్పిన. పోరన్ని పని బంద్ చెయ్యొద్దని చెప్పాలె."

"మరి దేనికి తిరుగుతున్నవ్?"

తల దించుకుని అంతా చెప్పాడు. హార్మోను సంగతి, పక్క మార్చిన సంగతి, డాక్టర్ గురక గురించి అడిగిన సంగతి. నవ్వుతుందేమోనని చెవులు కాలిపోతున్నాయి.

జమున నవ్వలేదు. "మస్తు గురక పెడ్తవ్" అంది. "మధ్యల ఊపిరి ఆగుతది. ఆగినప్పుడల్ల లేచొచ్చి నీ పక్కపొంటి కూసుంట, మల్ల తీసుకునేదాంక."

జైపాల్ బిత్తరపోయాడు. "మరి నాకెందుకు చెప్పలె?"

"ఎట్ల చెప్పాలె?" అంది జమున. "పోయినేడు నాకు గర్భసంచి తీసేసిన్రు. నేను దవాఖాన నుంచి వచ్చినంకనే నువ్వు పక్క మార్చినవ్. ఇగ నేను ఆడిదాన్నే కానని నీకు నా మీద ఏవగింపు పుట్టిందనుకున్న. మెలకువల దగ్గరికొస్తె కసురుకుంటవని, నువ్వు నిద్రవొయినంకనే వచ్చేదాన్ని."

జైపాల్ తన సిగ్గు తను దాచుకుంటున్నానని ఏడాదిగా అనుకున్నాడు. అదంతా తీసుకెళ్లి ఈ మనిషి నెత్తిన పెట్టాడు. ఆమె చేతిలోని బట్టలు తీసుకోబోయి, తీసుకోలేక, అక్కడే పెరటి గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నీ మీద కాదే, తల్లీ" అన్నాడు. "నా మీద నాకే."