మూడు పెట్టెల పందెం

స్పీకరుకి తిన్నగా ఎదురుగా కూర్చుని వినేవాడంత తెలివితక్కువవాడు లోకంలో లేడని మా బావ అనేవాడు. గిటారు స్పీకరు నడిమధ్య నుంచి శబ్దం సూదిలా వస్తుందట. అది పెట్టె అసలు గుణం కాదట. పక్కకి జరిగి, గది మూలకి పోయి, వీపు తిప్పి కూడా విని అప్పుడు నోరు విప్పాలట. కొనడానికొచ్చినవాళ్ళని భుజాలు పట్టుకుని మరీ పక్కకి జరిపేవాడు. అక్కతో మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున నన్నూ అలాగే జరిపాడు. అమ్మానాన్నలతో పట్టుమని పది మాటలు మాట్లాడకుండా నా యాంప్లిఫయర్ వెనక దూరి, "ఈ డబ్బా ఎవడు చేశాడో గానీ వాడికి చెక్కంటే పగ" అన్నాడు. అక్క తల పట్టుకుంది. నాకు మాత్రం ఆ క్షణమే నచ్చాడు.

గిటారు స్పీకర్లకి పెట్టెలు చెయ్యడం బావ పని. జనం క్యాబినెట్లంటారు, మా షెడ్డులో అవి పెట్టెలే. తెలియనివాళ్ళకి అన్నీ ఒకటే నల్ల డబ్బాలు. కానీ అదే గిటారు, అదే యాంప్లిఫయర్, అదే చెయ్యి, పెట్టె ఒక్కటి మారిస్తే వాయించే మనిషే మారినట్టుంటుంది. వెనక మూత బిగించిన పెట్టె కడుపులోంచి మాట్లాడుతుంది. వెనక తెరిచి వదిలేసినది గదంతా పరుచుకుంటుంది. పన్నెండంగుళాల స్పీకరు నిదానస్తురాలు, పదంగుళాలది గడుసుపిల్ల. కొత్త స్పీకరులో కాగితం బిగుసుకుని ఉంటుంది, కొన్నాళ్ళు మోగిస్తే గానీ గొంతు విప్పదు.

వీటిని పోల్చి చూడటం మా ఇద్దరి పని. నేను వాయిస్తాను, బావ వింటాడు. పెట్టెలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, అన్నిటి మోతా సమానంగా ఉండాలి. ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే బాగుందని చెవి ఇట్టే మోసపోతుంది. ఇక ఆపైన బావ చెప్పిందే తీర్పు. నేనెంత చెమటోడ్చి వాయించినా నా గురించి మాత్రం ఒక్క మంచిమాట రాలేది కాదు. పెట్టె బాగుంది, నువ్వు కాస్త అడ్డు లేస్తే ఇంకా బాగుంటుంది అనేవాడు. బావమరిదిగా పుట్టినందుకు పడాలి మరి.

అలాంటి మనిషి ఈ మధ్య మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. "భలే వాయించావురా" అని ఒకసారి, "నీ చెయ్యి ఇంత తేలికగా ఎప్పుడయిందిరా" అని మరోసారి. నేను ఉబ్బి తబ్బిబ్బయి ఆ మాట అక్కతో చెప్పాను. తనూ సంతోషిస్తుందనుకుంటే, ఏమీ అనకుండా గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది. తమ్ముడి గొప్ప ఓర్చుకోలేని అక్కలుంటారని విన్నాను గానీ మా ఇంట్లోనే ఉందనుకోలేదని దెప్పాను. గిన్నెలు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడే స్టూడియో ఆయన రెండు పెట్టెలు కారులో వేసుకుని వెనక్కి తెచ్చాడు. ఆయన మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి, వాటితోనే స్నానం చేస్తాడేమోనని మా అక్క అనుమానం. బావ దగ్గర పెట్టెలు కొనే పెద్ద ఖాతా ఆయనదే. ఆయన కాదన్నాడని తెలిస్తే మిగతావాళ్ళూ కాదంటారు. అందుకని నేను మర్యాదగానే మొదలుపెట్టాను. ఏమైందని అడిగితే, మీ మేస్త్రి పెట్టెలు ఈ మధ్య మరీ పదునుగా ఉంటున్నాయి, చెవుల్లో మేకులు దిగినట్టుంది, గిటారు వాయించేవాళ్ళు వద్దంటున్నారు అన్నాడు. ముందు చేసినవాటిలో ఉన్న మెత్తదనం వీటిలో లేదన్నాడు.

నాకు ముక్కు మీదే కోపం. వాయించడం రానివాళ్ళకి ఏ పెట్టె ఇచ్చినా మేకులే దిగుతాయన్నాను. ఆయన తన మాట మీదే ఉన్నాడు. అంతే, నోరు పారేసుకున్నాను. "మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది సార్" అన్నాను.

బావ అప్పుడు పక్కనే వంగి చెక్కపొట్టు ఊడుస్తున్నాడు. తలెత్తలేదు.

పందెం వేసింది నేనే. షెడ్డులో ఉన్న మూడు పెట్టెలు తెర వెనక పెడదాం, ఒకటి మూత ఉన్నది, ఒకటి వెనక తెరిచినది, ఒకటి పదంగుళాలది. మీరు తెర వెనక నిలబడి యాంప్లిఫయర్ తీగని మీ ఇష్టం వచ్చిన పెట్టెకి మార్చండి. నేను ఇవతల కూర్చుని ఒకటే పాట వాయిస్తాను. ఏది మోగుతోందో మా బావ చెబుతాడు. ఒక్కటి తప్పినా మీ పెట్టెలు మేమే వెనక్కి తీసుకుంటాం, అన్నీ సరిగ్గా చెబితే ఇంకెప్పుడూ ఆయన చెవిని శంకించకూడదు. ఇదీ పందెం. బావ వద్దురా అన్నాడు. వినయం అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ అక్క కూడా వద్దంది. ఆడవాళ్ళకి ధైర్యం తక్కువ అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

పెట్టెలకి రంగు వేసేటప్పుడు కప్పే నల్లగుడ్డని షెడ్డుకి అడ్డంగా కట్టాం. బావ స్టూలు తెచ్చుకుని సరిగ్గా నాకు ఎదురుగా వేసుకున్నాడు. మామూలుగా అయితే వినేటప్పుడు కాలు నిలవదు ఆయనకి, షెడ్డంతా తిరుగుతాడు. ఈసారి కదలకుండా కూర్చున్నాడు. వాయించాను.

"మూత ఉన్నది" అన్నాడు.

తెర వెనక నుంచి అవునన్నాడు స్టూడియో ఆయన. మళ్ళీ వాయించాను. పదంగుళాలది అన్నాడు, అదే. మళ్ళీ, వెనక తెరిచినది, అదే. స్టూడియో ఆయనకి పంతం వచ్చి వరస తిరగేసి, కలగాపులగం చేసి చూశాడు. ఒక్కటీ తప్పలేదు. ఒకసారి తీగ మార్చినట్టు చప్పుడు చేసి మార్చకుండా వదిలేశాడు. నేను నాలుగు స్వరాలు వాయించానో లేదో, "ఇందాకటిదే, మార్చలేదు మీరు" అన్నాడు బావ.

స్టూడియో ఆయన గుడ్డ తొలగించుకుని ఇవతలికి వచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. లోపం మా గదిలోనే ఉందేమో మేస్త్రిగారూ అన్నాడు. తెచ్చిన రెండు పెట్టెలూ తిరిగి కారులో పెట్టించుకున్నాడు, వాటిలాంటివే ఇంకో ఆరు కావాలన్నాడు. నేను కారు దాకా వెళ్ళి డిక్కీ తలుపు నా చేత్తోనే వేసి వచ్చాను. నడుస్తున్నానో తేలుతున్నానో నాకే తెలియలేదు.

తిరిగొచ్చేసరికి అక్క తెర పక్కన నిలబడి ఉంది. బావ స్టూలు మీదే ఉన్నాడు.

"ఇంకొక్కసారి వాయించు" అంది అక్క. "ఈసారి నువ్వు కూడా తెర వెనక్కి రా."

ఎందుకో అర్థం కాలేదు, కానీ గెలిచిన హుషారు మీద ఉన్నాను కదా, సరేనని గిటారు పట్టుకుని వెళ్ళాను. తీగ అక్క మార్చింది. పదంగుళాలదానికి పెట్టింది. అది ఎవరైనా పోల్చుకోగలరు, అంత గడుసుగా మోగుతుంది. వాయించాను. తెర అవతల నుంచి బావ గొంతు వచ్చింది, మూత ఉన్నది అని.

నవ్వాను. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అక్క నవ్వలేదు. తీగ మార్చకుండా మళ్ళీ వాయించమంది. వాయించాను. వెనక తెరిచినది అన్నాడు బావ. నా నవ్వు ఆగిపోయింది. ఇక అక్క చెప్పకుండానే, సన్నతీగ మీద, గిటారు మెడ దిగువన, పైస్వరాలు మెల్లగా వాయించడం మొదలుపెట్టాను. వాయిస్తూనే ఉన్నాను.

"ఏరా, మొదలుపెట్టవేం?" అన్నాడు బావ.

నా చేతులు ఆగిపోయాయి. గుడ్డకి ఇవతల నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. అక్క కళ్ళు నిండి ఉన్నాయి, కానీ అందులో ఆశ్చర్యం లేదు. తనకి ఎప్పుడో తెలుసు. నాకెందుకు తెలియలేదు? పొద్దస్తమానం ఆ మనిషి ఎదురుగా కూర్చుని వాయించేది నేను కదా.

తెర తీసేశాం. బావ మా మొహాలు చూసి విషయం గ్రహించాడు. కోప్పడలేదు. ముందు అక్కని కూర్చోమన్నాడు. మాటలు కొంతవరకు తెలుస్తాయన్నాడు, ఎదుటివాళ్ళ పెదాలు కనబడితే బాగా తెలుస్తాయట. పైస్వరాలే పోయాయట. ముందు గోరు తీగని తాకే చప్పుడు పోయింది, ఆ తర్వాత సన్నతీగ దుప్పటి కప్పుకుంది, ఇప్పుడు దుప్పటి కూడా కనబడటం లేదన్నాడు. ఇన్నేళ్ళు రంపాల మోత పక్కనా స్పీకర్ల మోత పక్కనా బతికిన చెవులు, ఇక కోలుకోవని డాక్టరు చెప్పాడట. పెట్టెలు ఎందుకు పదునెక్కాయో అప్పుడు తెలిసింది నాకు. తనకి వినపడేదాకా పదును పెంచుకుంటూ పోయాడు. వినపడేవాళ్ళకి అవే మేకులయ్యాయి.

"మరి ఇందాక అన్నీ ఎలా చెప్పావు బావా?" అన్నాను.

"నీ చేతులు చూసి చెప్పానురా. పదంగుళాలది మోగితే నువ్వు గోరు దాచుకుంటావు, వేలి కండతో మీటుతావు. మూత ఉన్నదైతే మణికట్టు బిగిస్తావు, తీగని గట్టిగా కొడతావు. వెనక తెరిచినదాని మీద నీ కుడిచెయ్యి జారి తీగల మధ్యకి వచ్చేస్తుంది, కళ్ళు కూడా మూసుకుంటావు. చెవితో వినేది నువ్వు, నిన్ను చూసి చెప్పేది నేను."

ఇవన్నీ నేను చేస్తానని నాకే తెలియదు. ఎవరి వేళ్ళు వాళ్ళు చూసుకుంటూ వాయిస్తారా?

బావ నవ్వాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట. పాపం వాడు అబద్ధం ఏం చెప్పాడురా, కంటికి ఏది కనబడితే అదే చెప్పాడు" అన్నాడు.

ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. పెద్దవాణ్ణి, మీసాలున్నవాణ్ణి, అక్క ముందు చెక్కపొట్టులో కూలబడి ఏడ్చాను. అన్నిటికన్నా ముందు నాకు గుర్తొచ్చింది నా మెప్పు. అదీ నా బుద్ధి. మరి భలే వాయించావని ఎందుకన్నావు, వినపడకుండానే అన్నావా అని అడిగాను.

"వినపడినన్నాళ్ళూ నిన్ను చూడలేదురా. పెట్టెనే విన్నాను. ఇప్పుడు చూస్తున్నాను కాబట్టి తెలిసింది, నీ చేతులు చాలా బాగుంటాయి. అది ఒట్టిమాట కాదు."

మర్నాడు స్టూడియో ఆయనకి ఫోన్ చెయ్యమన్నాడు నన్ను. నేను ససేమిరా అన్నాను. గెలిచిన పందెం ఎవరైనా వదులుకుంటారా, ఆ ఆరు పెట్టెల పదును నేను విని సరిచేస్తాను, ఎవరికీ తెలియదు అన్నాను. బావ ఒప్పుకోలేదు. ఆయన చెవులు నిజం చెప్పాయి, మనం ఆయన చేతే వాటిని అనుమానింపజేశాం, అది పాపంరా అన్నాడు. ఫోన్ చేశాను. స్టూడియో ఆయన వచ్చి రెండు పెట్టెలూ దించాడు. బావ తన నోటితోనే చెప్పాడు. ఆయన హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆరు పెట్టెల సంగతి తర్వాత చూద్దామన్నాడు, మర్యాదగానే. ఆ 'తర్వాత' అనేది ఎప్పటికీ రాదని ముగ్గురికీ తెలుసు.

ఆ రెండు పెట్టెలూ విప్పి మళ్ళీ చేశాం. నేను విని చెప్పడం, బావ చెయ్యడం. ఇంకొంచెం మెత్తగా అని నేనంటే, ఎంత మెత్తగా అంటాడు. చెప్పడానికి నాకు మాటలు రావు. స్పీకరు ముందు గుండ్రంగా స్పాంజి కత్తిరించి అంటిస్తాడు, నా మొహం చూస్తాడు. బాగుందన్నాను చివరికి. బాగుందో లేదో నిజంగా నాకు తెలియదు. బావ చెవి ఉంటే తెలిసేది.

ఆ పని అయ్యాక ఒక మధ్యాహ్నం బావ స్టూలు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. తీగ మార్చడానికి అక్కని తెర వెనక నిలబెట్టాడు. ఊరికే, సరదాకి, ఒక్కసారి వాయించరా అన్నాడు. పందెం గిందెం ఏమీ లేదన్నాడు. ఆయన కళ్ళు నా వేళ్ళ మీద ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి నాకు నా వేళ్ళు బరువుగా తగిలాయి. ఇప్పుడు గోరు దాచుకున్నానా? మణికట్టు బిగించానా? కళ్ళు మూసుకోవాలా? ఏ పెట్టె మోగినా చెయ్యి ఒకేలా కర్రలా ఆడుతోంది. బావ ఒకటి చెప్పాడు, తప్పింది. ఇంకొకటి చెప్పాడు, అదీ తప్పింది. మూడోసారి పదంగుళాలది మోగింది. ఎలాగైనా ఆయన గెలవాలని నేను కావాలనే గోరు దాచి, వేలి కండతో మీటాను, కాస్త కనబడేలా.

"నటించకురా" అన్నాడు బావ.

ఆపేశాను.

"నీ తప్పు కాదు. నేను చెప్పకుండా ఉండాల్సింది." స్టూలు మీద నుంచి లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నాళ్ళూ నీ చేతుల్లోనన్నా వినపడేది. ఇప్పుడు అదీ లేదు."

తెర వెనక అక్కకి ఇదంతా వినపడుతూనే ఉంది. అయినా ఇవతలికి రాలేదు.