పండగ గింజలు

కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మా ఆయన హరీష్‌కి ఒకరోజు పిచ్చి పట్టింది. పూర్వం అడవి కొట్టుకుని ఊళ్లు కట్టుకున్నవాళ్లలా బతకాలట. మన చేత్తో పండించిందే తినాలట, ఉప్పు తప్ప ఏదీ కొనకూడదట, ఎవరినీ చెయ్యి చాచి అడగకూడదట. సరే అన్నాను. విశాఖ ట్రాఫిక్‌తో నేనూ విసిగిపోయి ఉన్నాను మరి. ఉద్యోగాలు మానేసి, మా నాలుగేళ్ల పాప అమూల్యని చంకనేసుకుని అరకు పైకొండకి వచ్చాం. ఇది గిరిజనుల భూమి, మాబోటి బయటివాళ్లకి అమ్మరు. సోములు, కనక అనే భార్యాభర్తలు వాళ్ల మెట్టపొలం చెక్క ఒకటి చేసుకోమన్నారు.

"రెండేళ్లు సూడండి బాబూ. ఏ ఏడు బీడు పెట్టినా మేం కాఫీ మొక్కలేసుకుంటాం" అన్నాడు సోములు.

మొదటి ఏడు మొక్కజొన్న కాస్త పండింది. విత్తనానికని కొన్ని కండెలు, ఊళ్లో అందరిలాగే, పొయ్యిమీద దూలానికి వేలాడదీశాం. మా పొయ్యికి పొగ ఉంటేగా! హరీష్ వీడియో చూసి గొట్టం పెట్టి కట్టాడు, పొగంతా బయటికే.

"పొగ తగల్లేదంటే పురుగొచ్చేత్తాది బాబూ" అంది కనక. ఈయన నవ్వి ఊరుకున్నాడు. చైత్రంలో కండెలు దించితే గింజ గింజకీ చిల్లే. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఇటుకల పండగని ఊళ్లో విత్తనాల పండగ వచ్చింది. ఇంటింటి విత్తనమూ దేవత ముందు కలిపి, మళ్లీ అందరికీ పంచుతారు. మా వాటా కనక చేటలో తెచ్చింది.

"వద్దు కనకా. మేం ఎవరి దగ్గరా తీసుకోం" అన్నాడు హరీష్.

"ఏటి బాబూ అలాగంటారు? ఇది ఊరందరిదీ. నాదా ఏటి?"

ససేమిరా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ కొండమీద ఒంటరిగా బతికేవాళ్లెవరయ్యా, మనం తప్ప! కనక చిన్నబుచ్చుకుని వెళ్లిపోయి, వెనకవైపు నుంచి వచ్చి ఆ గింజలు నా చున్నీలో పోసింది.

"వాన పడగానే బేగి ఏసెయ్యమ్మా. బాబుకి సెప్పకు. నీ గుంటని సూడు, ఎలాగ సిక్కిపోయిందో."

మూటకట్టి దాచాను. ఆ చెక్క మా చేతిలో నిలబడాలంటే అవే దిక్కు. వాన మాత్రం రాలేదు. ఇంట్లో దుంపలు అయిపోయాయి. ఊళ్లో అడుగుతానంటే హరీష్ అడ్డం తిరిగాడు. "అడిగావంటే నామీద ఒట్టే. ఇంకొన్నాళ్లు ఓర్చుకో."

ఓర్చుకోవడానికి అమూల్య ఏమైనా ఆఫీసు ప్రాజెక్టా? మధ్యాహ్నం అది మట్టి తింటుంటే చూశాను. నోట్లో వేలుపెట్టి తీసి, లోపలికి వెళ్లి మూట విప్పాను. గింజలన్నీ తిరగలిలో విసిరి జావ కాచేశాను. అమూల్య గిన్నె నాకుతుంటే ఏడుపు ఆగలేదు.

హరీష్ కూడా రెండుసార్లు పోయించుకున్నాడు. ఎక్కడివని అడిగితే, పురుగు తినని గింజలు ఏరానని అబద్ధం చెప్పాను.

"చూశావా పావనీ, మన పంట రుచే వేరు. ఎవరి దయా అక్కర్లేదు మనకి" అన్నాడు. ఆ మొహం చూస్తే తిట్టాలో జాలిపడాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కుండపోత. హరీష్ పార పట్టుకుని చెక్కలోకి పరుగెత్తాడు. పెళ్లైన కొత్తలో తప్ప అంత సంతోషంగా నేను చూడలేదు మనిషిని. తడిసిపోతూ అక్కణ్ణుంచే కేక వేశాడు.

"పావనీ! నువ్వు ఏరిన గింజలు పట్రా! విత్తనానికి ఉంచావుగా?"

నేను గుమ్మంలోకి వెళ్లి, నిన్నటి జావగిన్నె వానలో బోర్లించి చూపించాను.